మూడో రోజు మార్చవద్దు, ఏడో రోజు ఆపవద్దు
టైఫాయిడ్‌కు సెఫిక్సిమ్ మాత్రలు వాడేవారు తెలుసుకోవలసిన విషయాలు



వానలు మొదలయ్యాయంటే మన ఓపీ ముందు జ్వరాల వరుస పెరుగుతుంది. ఆ వరుసలో టైఫాయిడ్ రోగులు తప్పకుండా ఉంటారు. వారిలో చాలామంది చేతిలో పెట్టే మందు సెఫిక్సిమ్. మంచి మందే. కానీ ఈ మందు విషయంలో మన కుటుంబాలు రెండు చోట్ల పొరపాటు పడుతున్నాయి. ఒకటి మూడో రోజున, రెండోది ఏడో రోజున. ఆ రెండు రోజుల గురించి వివరంగా చెప్పాలనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా ఒక ఇంటి కథ వినండి. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఏటా మేము చూసే ఎన్నో ఇళ్ళ కథలను కలిపి చెబుతున్నాము.

పదేళ్ళ బాబుకు ఐదు రోజులుగా జ్వరం. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు రెండు రోజులు సూదులు వేశారు. తగ్గలేదు. తల్లి ఆసుపత్రికి తీసుకొచ్చింది. డాక్టరు గారు పరీక్ష చేసి, రక్తం తీయించి, సెఫిక్సిమ్ మాత్రలు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున 14 రోజులకు వ్రాశారు. మూడో రోజు సాయంత్రం ఆమె మళ్ళీ వచ్చింది.

"సిస్టరమ్మా, ఆరు మాత్రలు మింగాడు. జ్వరం దిగనే లేదు. ఈ మందు వాడికి పడలేదేమో, వేరేది మార్చమని డాక్టరు గారితో చెప్పమ్మా."

సిస్టర్ గారు జ్వరం కాగితం చూశారు. మొదటి రోజు 104, రెండో రోజు 103.6, ఆ రోజు 103. "తగ్గుతోందమ్మా, మెల్లగా తగ్గుతోంది. ఇదే మందు ఇంకా వెయ్యి" అని ధైర్యం చెప్పి పంపారు. ఆరో రోజుకు జ్వరం పోయింది. ఏడో రోజు బాబు లేచి పప్పన్నం అడిగాడు. ఎనిమిదో రోజు బడికి వెళ్ళాడు. అంతటితో మాత్రలు ఆగిపోయాయి. మిగిలిన వాటిని తల్లి జాగ్రత్తగా బీరువాలో దాచింది.

మూడు వారాల తరువాత బాబుకు మళ్ళీ జ్వరం. ఈసారి వార్డులో చేర్చి సెలైన్ ద్వారా మందు ఎక్కించవలసి వచ్చింది. ఈ మధ్యలో బీరువాలోని మాత్రలు ఏమయ్యాయని అడిగితే, "చెల్లికి దగ్గొస్తే రెండు రోజులు వేశాను" అన్నది ఆ తల్లి.

ఆ తల్లిది ప్రేమలో లోపం కాదు. ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే. ఆ పని ఇప్పుడు చేద్దాము.

ఈ మందు ఏ కుటుంబానికి చెందినది?

సెఫిక్సిమ్ ఒక యాంటిబయాటిక్. అంటే బ్యాక్టీరియా క్రిములను చంపే మందు. ఇది సెఫలోస్పోరిన్లు అనే పెద్ద కుటుంబంలో ఒకటి. ఈ కుటుంబంలో నోటితో తీసుకునే మందులు చాలా ఉన్నాయి. పేర్లు సాధారణంగా "సెఫ్" అని మొదలవుతాయి.

సెఫలెక్సిన్, సెఫాడ్రాక్సిల్: వీటిని ఎక్కువగా చర్మం మీద చీము పుండ్లకు, గొంతు ఇన్ఫెక్షన్లకు వాడతారు.

సెఫ్యురాక్సిమ్: చెవి, సైనస్, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లలో వాడతారు.

సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్: మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లలో వాడతారు. టైఫాయిడ్‌కు మన దేశంలో సెఫిక్సిమ్ ఎక్కువగా వాడుతున్నారు.

అన్నీ ఒకే కుటుంబమైనా అన్నీ ఒకే పని చేయవు. ఉదాహరణకు, చీము గడ్డలు కలిగించే స్టెఫిలోకాకస్ క్రిమి మీద సెఫలెక్సిన్ పని చేస్తుంది గాని సెఫిక్సిమ్ అంతగా పని చేయదు. కాబట్టి టైఫాయిడ్‌కు తెచ్చిన మాత్ర మిగిలింది కదా అని కాలి మీది గడ్డకు వేసుకుంటే గడ్డ తగ్గదు, మందు వృథా అవుతుంది. కొత్త యాంటిబయాటిక్, పెద్ద యాంటిబయాటిక్ అని లేదు. జబ్బుకు తగిన యాంటిబయాటిక్ అనేదే ఉంది.

మందు అట్ట మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతోను, అసలు మందు పేరు చిన్న అక్షరాలతోను ఉంటుంది. ఆ చిన్న అక్షరాలనే చదవండి. రెండు వేరు వేరు కంపెనీ పేర్లతో ఒకే మందును రెండింతలు మింగినవారు ఉన్నారు.

మురుగు కాలువ దగ్గర దొరికిన మందు

సెఫలోస్పోరిన్ల పుట్టుకకు, టైఫాయిడ్‌కు దగ్గర సంబంధం ఉంది. 1945లో ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో, కాలియారి నగరంలో జ్యూసెప్పె బ్రోట్జు అనే ఆచార్యుడు ఉండేవారు. అప్పట్లో ఆ ఊరిలో టైఫాయిడ్ బాగా ఉండేది. ఊరి మురుగు నీరు సముద్రంలో కలిసే చోట క్రిములను అణచివేసేది ఏదో ఉండి ఉండాలని ఆయనకు అనుమానం కలిగింది. ఆ నీటిని పరీక్షించగా ఒక బూజు దొరికింది. దాని నుంచి వచ్చే రసం టైఫాయిడ్ క్రిమితో సహా ఎన్నో క్రిములను ఆపగలిగింది. 1948లో ఆయన ఈ విషయాన్ని ప్రచురించారు. ఆ బూజు ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్‌కు చేరింది. అక్కడ ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్ అనే శాస్త్రవేత్తలు 1950లలో దానిలోనుంచి సెఫలోస్పోరిన్ సి అనే పదార్థాన్ని వేరు చేశారు. దాని నుంచే ఈ మందులన్నీ తయారయ్యాయి. నోటితో తీసుకునే సెఫిక్సిమ్ 1980ల చివర్లో వాడకంలోకి వచ్చింది.

మూడో రోజు: జ్వరం ఎందుకు తగ్గలేదు?

క్రిమి చుట్టూ ఒక గోడ ఉంటుంది. క్రిమి రెండుగా చీలి పెరిగేటప్పుడు కొత్త గోడ కట్టుకోవాలి. సెఫిక్సిమ్ ఆ గోడ కట్టే పనిని చెడగొడుతుంది. గోడ లేని క్రిమి పగిలి చచ్చిపోతుంది.

అయితే టైఫాయిడ్ క్రిమి టక్కరిది. అది రక్తంలో తిరగడంతో సరిపెట్టుకోదు. మన శరీరాన్ని కాపాడవలసిన తెల్ల కణాలలోనే దూరి దాక్కుంటుంది. కాలేయం, ప్లీహం, ఎముకల మజ్జ, పేగుల గోడలు దాని స్థావరాలు. ఈ కుటుంబపు మందులు కణాల లోపలికి అంత సులువుగా వెళ్ళలేవు. క్రిమి బయటకు వచ్చినప్పుడు దాని పని పట్టాలి. అందుకే సరైన మందు సరిగా పడుతున్నా జ్వరం పూర్తిగా దిగడానికి ఐదు నుంచి ఏడు రోజులు పట్టడం మామూలే.

కాబట్టి మూడో రోజున చూడవలసినది జ్వరం ఉందా లేదా అని కాదు. నిన్నటికంటే నేడు కొంచెం తక్కువగా ఉందా, పిల్లవాడు నీళ్ళు తాగుతున్నాడా, మాట్లాడుతున్నాడా, మూత్రం పోస్తున్నాడా అని చూడాలి. ఇంట్లో ఒక థర్మామీటర్ ఉంచుకోండి. రోజుకు నాలుగుసార్లు చూసి కాగితం మీద వ్రాయండి. డాక్టరుకు ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది.

మూడో రోజున కంగారుపడి వేరే డాక్టరు దగ్గరకు, అక్కడినుంచి మరో డాక్టరు దగ్గరకు తిరిగితే ఏమవుతుంది? ప్రతిచోటా ఒక కొత్త యాంటిబయాటిక్ మొదలవుతుంది, ఏదీ పూర్తి కాదు. చివరకు ఏ మందు పని చేసిందో, ఏది చేయలేదో ఎవరికీ తెలియదు.

అలాగని కళ్ళు మూసుకుని కూర్చోమని కాదు. ఈ మందు పని చేయని టైఫాయిడ్ క్రిములు కూడా ఉన్నాయి. మందు మొదలుపెట్టి ఐదారు రోజులైనా జ్వరం ఏమాత్రం దిగకపోతే, లేదా రోగి నీరసించిపోతుంటే అదే ఆసుపత్రికి తిరిగి రండి. రక్తం కల్చర్ ఫలితం చూసి డాక్టరు గారు మందు మార్చవచ్చు. మార్చడం తప్పు కాదు. మనంతట మనం మార్చడమే తప్పు.

వెంటనే తీసుకురావలసిన లక్షణాలు ఇవి: తీవ్రమైన కడుపునొప్పి, కడుపు ఉబ్బి గట్టిపడడం, మలంలో రక్తం లేదా తారులాంటి నల్లని మలం, ఆగని వాంతులు, మగత, పిచ్చిగా మాట్లాడడం. టైఫాయిడ్ ముదిరితే పేగులో రక్తస్రావం కావచ్చు, పేగుకు చిల్లు పడవచ్చు. ఇది ఎక్కువగా జబ్బు రెండు, మూడు వారాలకు చేరినప్పుడు జరుగుతుంది. ఒక్క పూట ఆలస్యం కూడా ప్రాణాల మీదికి తెస్తుంది.

ఏడో రోజు: జ్వరం పోయింది కదా?

జ్వరం పోవడం అంటే రక్తంలో క్రిములు బాగా తగ్గాయని అర్థం. మజ్జలో, ప్లీహంలో, పిత్తాశయంలో దాగినవి ఇంకా ఉండవచ్చు. మందు ఆపగానే అవి మళ్ళీ పెరుగుతాయి. రెండు మూడు వారాలకు జ్వరం తిరగబెడుతుంది. పైన చెప్పిన బాబు విషయంలో జరిగింది ఇదే. కొద్దిమందిలో క్రిమి పిత్తాశయంలో ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. వారికి ఏ బాధా ఉండదు, కాని వారి మలం ద్వారా క్రిమి బయటకు వస్తూ, శుభ్రంగా కడగని చేతుల ద్వారా ఇతరులకు అంటుకుంటుంది.

అందుకే టైఫాయిడ్‌కు సెఫిక్సిమ్‌ను సాధారణంగా 10 నుంచి 14 రోజులు వ్రాస్తారు. అన్ని ఇన్ఫెక్షన్లకూ ఇన్ని రోజులు అక్కరలేదు. ఇతర జబ్బులలో కొన్నింటికి ఇప్పుడు మునుపటికంటే తక్కువ రోజులే చాలని డాక్టర్లు వ్రాస్తున్నారు. కాబట్టి పక్కింటివారు ఐదు రోజులే వాడారని మీరు ఐదు రోజులకు ఆపవద్దు. మీ చీటీలో ఎన్ని రోజులుంటే అన్ని రోజులు వాడండి. డబ్బు చాలక సగం మాత్రలే కొనే పరిస్థితి ఉంటే సిగ్గుపడకుండా డాక్టరు గారితో చెప్పండి. తక్కువ ధరకు అదే మందు దొరికే దారి చూడవచ్చు. సగం కొని సగం వదిలితే రెండోసారి ఖర్చు ఇంకా ఎక్కువ.

మందు మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పవలసినవి

1. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ లేదా ఏదైనా "సెఫ్" మందు పడక గతంలో దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వచ్చాయా? పెన్సిలిన్ పడనివారిలో చాలామందికి సెఫిక్సిమ్ ఇబ్బంది లేకుండానే పడుతుంది. కాని పెన్సిలిన్‌తో ఊపిరాడక ప్రమాదం తప్పినవారు మాత్రం తప్పక చెప్పాలి. ఏ మందు పడలేదో ఒక చిన్న కాగితం మీద వ్రాసి ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

2. కిడ్నీ జబ్బు ఉందా? ఈ మందు కొంతవరకు కిడ్నీల ద్వారా బయటకు పోతుంది. కిడ్నీలు సరిగా పని చేయనివారికి మోతాదు తగ్గించాలి. తగ్గించకపోతే మందు ఒంట్లో పేరుకుని ఫిట్స్ కూడా రావచ్చు.

3. గుండె కవాటం ఆపరేషన్ అయి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా అసినోకౌమరాల్ మాత్రలు వాడుతున్నారా? సెఫిక్సిమ్‌తో కలిసినప్పుడు ఆ మందుల బలం పెరగవచ్చు. రక్తపరీక్ష త్వరగా చేయించుకోవాలి.

4. గర్భిణీయా, పాలిచ్చే తల్లా? ఈ కుటుంబపు మందులను గర్భిణీలకు, పాలిచ్చే తల్లులకు చాలా కాలంగా ఇస్తున్నారు. భయపడనక్కరలేదు. కాని చెప్పడం మరువవద్దు.

5. ఇంతకు ముందే ఎక్కడైనా యాంటిబయాటిక్ వాడారా? ఆర్.ఎం.పి. గారి సూది అయినా, షాపులో కొన్న రెండు మాత్రలైనా దాచవద్దు. మేము కోప్పడము. యాంటిబయాటిక్ పడిన తరువాత తీసిన రక్తంలో క్రిమి పెరగకపోవచ్చు. అందుకే కల్చర్‌కు రక్తం ఇవ్వడం ముందు, మొదటి మాత్ర మింగడం తరువాత.

విడాల్ పరీక్ష గురించి ఒక మాట. "విడాల్ పాజిటివ్ వచ్చింది, టైఫాయిడే" అని కాగితం పట్టుకుని చాలామంది వస్తారు. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వలన, వేరే జ్వరాల వలన కూడా విడాల్ పాజిటివ్ రావచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో నెగటివ్ రావచ్చు. ఆ ఒక్క కాగితం చూసి మందు మొదలుపెట్టకూడదు. రక్తం కల్చర్ నమ్మదగినది. ఏ మందు పని చేస్తుందో కూడా అదే చెబుతుంది.

మాత్రలు వేసుకునే పద్ధతి

రోజుకు రెండుసార్లు అంటే 12 గంటల తేడా. ఉదయం 8 గంటలకు వేస్తే రాత్రి 8 గంటలకు వేయండి. టిఫిన్ వేళ, రాత్రి భోజనం వేళ అని పెట్టుకుంటే మరచిపోరు.

సెఫిక్సిమ్ ఆహారంతోనైనా, ఖాళీ కడుపుతోనైనా వేసుకోవచ్చు. కడుపులో తిప్పినట్లుంటే తిన్న తరువాత వేసుకోండి. సెఫ్యురాక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ మాత్రలను మాత్రం తిన్న వెంటనే వేసుకుంటేనే ఒంటికి బాగా పడతాయి. ఆ రెండింటితో గ్యాస్ మందు కలిపితే అవి సరిగా ఒంటపట్టవు. గ్యాస్ మందు వాడుతుంటే చెప్పండి.

ఒక పూట మరచిపోతే గుర్తు రాగానే వేసుకోండి. తరువాతి మాత్ర వేళ దగ్గర పడితే మరచినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి మింగవద్దు. మాత్ర వేసిన కొద్దిసేపటికే వాంతి అయితే మళ్ళీ వేయాలో లేదో ఫోను చేసి అడగండి.

జ్వరం తగ్గడానికి పారాసెటమాల్ చాలు. ఇతర నొప్పి మాత్రలు, ఆస్పిరిన్ మీకు మీరు వేసుకోవద్దు. వచ్చింది డెంగ్యూ అయితే అవి రక్తస్రావం కలిగిస్తాయి.

పిల్లల సిరప్ కలిపే పద్ధతి

పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. సీసాలో పొడి ఉంటుంది. సీసా తట్టి పొడిని వదులు చేయాలి. పెట్టెలో నీళ్ళ సీసా ఇస్తే ఆ నీళ్ళే పోయాలి. లేకపోతే కాచి చల్లార్చిన నీరు పోయాలి. వేడి నీరు పోయకూడదు. ముందు సగం పోసి బాగా ఊపి, తరువాత సీసా మీది గీత వరకు పోసి మళ్ళీ ఊపాలి. నురుగు దిగిన తరువాత మట్టం గీత కంటే తగ్గితే ఇంకొంచెం పోయాలి.

సెఫిక్సిమ్ సిరప్ 5 మి.లీ.లో 50 మి.గ్రా. ఉన్నది ఒకటి, 100 మి.గ్రా. ఉన్నది మరొకటి దొరుకుతాయి. డాక్టరు 50 వ్రాస్తే షాపులో 100 ఇచ్చారనుకోండి, అదే కొలతతో పోస్తే బిడ్డకు రెండింతల మందు పడుతుంది. కాబట్టి చీటీని, సీసాను పక్కపక్కన పెట్టి అంకె చూసుకోండి. అర్థం కాకపోతే మందుల గదిలో చూపించండి.

ఇంట్లో చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో కొలత. సీసాతో వచ్చిన మూతనో, సూది లేని సిరంజినో వాడండి. ప్రతిసారీ పోసే ముందు సీసా ఊపండి. ఊపకపోతే మందు అడుగున ఉండిపోతుంది, మొదటి రోజులలో నీళ్ళు, చివరి రోజులలో చిక్కని మందు పడుతుంది. కలిపిన తేదీని సీసా మీద వ్రాయండి. కలిపాక ఎన్ని రోజులు నిలవ ఉంటుందో సీసా మీదే ఉంటుంది. ఆ తరువాత పారబోయండి.

మందు వలన వచ్చే ఇబ్బందులు

మామూలుగా వచ్చేవి: పలుచని విరేచనాలు, కడుపునొప్పి, వికారం. క్రిములతో పాటు పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా కొంత చావడం దీనికి ఒక కారణం. ఓఆర్ఎస్ నీళ్ళు, మజ్జిగ, గంజి ఇస్తూ మందు కొనసాగించవచ్చు. కొందరికి నోటిలో తెల్లని పూత, ఆడవారికి యోనిలో దురద, తెల్లబట్ట రావచ్చు. అది ఫంగస్. చెబితే దానికి మందు ఉంది.

మందు ఆపి వెంటనే రావలసినవి: ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు లేదా ముఖం వాపు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, చర్మం మీద బొబ్బలు, నోరు పూయడం, కళ్ళు పచ్చబడడం. రక్తంతోనో జిగటతోనో ఎక్కువసార్లు విరేచనాలు అయితే విరేచనాలు ఆపే మాత్ర షాపులో కొని వేయవద్దు. ఈ రకం విరేచనాలు మందు పూర్తయిన కొన్ని వారాల తరువాత కూడా రావచ్చు. అప్పుడు ఫలానా యాంటిబయాటిక్ వాడామని గుర్తుంచుకుని చెప్పండి.

మిగిలిన మాత్రలు ఎందుకు ప్రమాదం?

జలుబు, మామూలు ఫ్లూ, డెంగ్యూ, చికున్ గున్యా ఇవన్నీ వైరస్ జబ్బులు. వైరస్‌కు గోడ లేదు. గోడ కట్టే పనిని చెడగొట్టే మందు దానిని ఏమీ చేయలేదు. పైన చెప్పిన చెల్లికి దగ్గు దానంతట అదే తగ్గి ఉంటుంది. మాత్ర వలన తగ్గిందని తల్లి అనుకుంటుంది. మళ్ళీ దగ్గు వస్తే మళ్ళీ అదే మాత్ర. ఇలా ప్రతి ఇంటిలో జరిగితే క్రిములు మందుకు అలవాటు పడిపోతాయి.

టైఫాయిడ్ చరిత్రే దీనికి సాక్ష్యం. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చినప్పుడు టైఫాయిడ్‌కు ఇక భయం లేదనుకున్నారు. 1972లో కేరళలోను, మెక్సికోలోను ఆ మందుకు లొంగని క్రిమి వ్యాపించింది. 1990 ప్రాంతంలో మన దేశంలో ఆ మందుతో పాటు ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ కూడా పని చేయకుండా పోయాయి. అప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ ఆదుకుంది. కొన్నేళ్ళకు అదీ పట్టు కోల్పోయింది. ఆ తరువాత మనం ఆధారపడినది సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ సూది, అజిత్రోమైసిన్ మీద.

2016 చివరిలో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో ఒక నగరంలో సెఫ్‌ట్రయాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ పుట్టింది. ఆ నగరం పేరు కూడా హైదరాబాదే. అక్కడి డాక్టర్లకు నోటి మందులలో అజిత్రోమైసిన్, సూదులలో చాలా ఖరీదైన మెరోపెనెమ్ వంటివి తప్ప పెద్దగా ఏమీ మిగలలేదు. ఆ వ్యాధిని అదుపు చేయడానికి వాడిన టీకా మాత్రం మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసినది. ఆ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ఆమోదిత జాబితాలో చేర్చింది. 2019లో పాకిస్తాన్ దానిని పిల్లల మామూలు టీకాలలో కలుపుకున్నది. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఈ టీకా వేయించవచ్చు. ఈసారి పిల్లల డాక్టరును కలిసినప్పుడు అడగండి.

మన దేశంలో 2014 మార్చి 1 నుంచి సెఫిక్సిమ్ వంటి మందులు షెడ్యూల్ హెచ్1 కిందకు వచ్చాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు పుస్తకంలో వ్రాసి మూడేళ్ళు దాచాలి. అట్ట మీద ఎర్ర గీతతో పెట్టె కట్టిన హెచ్చరిక ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సెఫిక్సిమ్‌ను ఆచి తూచి వాడవలసిన మందుల జాబితాలో పెట్టింది. షాపువారు చీటీ అడిగితే విసుక్కోవద్దు. అది మీ పిల్లల మేలుకే.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: టైఫాయిడ్‌లో పథ్యం పెట్టాలా?
జవాబు: లంఖణం వద్దు. జ్వరంలో ఒళ్ళు కరిగిపోతుంది, తిండి కావాలి. మెత్తని అన్నం, పప్పు, పెరుగు, ఇడ్లీ, గుడ్డు, అరటిపండు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. వేపుళ్ళు, కారం కొన్నాళ్ళు తగ్గిస్తే చాలు.

ప్రశ్న: మాత్రలకంటే సూది త్వరగా పని చేస్తుంది కదా?
జవాబు: మింగగలిగి, వాంతులు లేని రోగికి చాలాసార్లు మాత్రలే సరిపోతాయి. వాంతులు ఆగకపోతే, జబ్బు తీవ్రంగా ఉంటే సూది కావాలి. అది డాక్టరు నిర్ణయం.

ప్రశ్న: సెఫిక్సిమ్‌తో మరో యాంటిబయాటిక్ కలిపిన మాత్ర ఉందట, అది ఇంకా బలమా?
జవాబు: రెండు మందులంటే రెండింటి ఇబ్బందులు కూడా. డాక్టరు వ్రాయనిదే కలిపిన మాత్రలు అడగవద్దు.

ప్రశ్న: ఇంట్లో మిగతావారికి రాకుండా ముందుగానే ఈ మాత్రలు వేయవచ్చా?
జవాబు: వద్దు. నీరు కాచి చల్లార్చి తాగండి. దొడ్డికి వెళ్ళి వచ్చాక, వంట చేసే ముందు, బిడ్డకు తినిపించే ముందు సబ్బుతో చేతులు కడగండి. రోగి పూర్తిగా కోలుకునేవరకు వంట చేయకుండా ఉంటే మంచిది. బయట కోసి పెట్టిన పండ్లు, ఐసు గోలాలు పిల్లలకు కొనివ్వవద్దు.

గుర్తుంచుకోండి

* రక్తం కల్చర్‌కు ఇచ్చాకే మొదటి మాత్ర.
* మూడో రోజు జ్వరం ఉన్నా కంగారు వద్దు. జ్వరం కాగితం వ్రాయండి.
* జ్వరం పోయినా చీటీలోని రోజులన్నీ మాత్రలు వేయండి.
* కడుపు గట్టిపడినా, రక్తం కనిపించినా, మగత వచ్చినా రాత్రి అని చూడక బయలుదేరండి.
* దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మందు ఆపి వెంటనే రండి.
* ఒకరి మాత్రలు మరొకరికి వేయవద్దు. ఇంట్లో మిగలనివ్వవద్దు.

చివరిగా ఒక మనవి. ఈ వారం తీరిక చేసుకుని మీ బీరువా, మందుల డబ్బా ఒకసారి వెదకండి. సగం వాడిన స్ట్రిప్పులు, ఎప్పుడో కలిపిన సిరప్ సీసాలు కనిపిస్తే ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకుని తీసుకురండి. ఏవి దేనికి వ్రాసినవో, ఎందుకు మిగిలాయో కూర్చుని మాట్లాడుకుందాము. కథలోని ఆ బాబు రెండోసారి పూర్తిగా కోలుకున్నాడు. ఆ రెండోసారి అవసరం లేకుండా చేయడం మన అందరి చేతుల్లో ఉంది.